పాత కారు ఇంజనునకు కంప్యూటరు నమర్చుట

మన పట్టణములలో అంబాసిడరు కార్లు ఇంకను అక్కడక్కడ కనబడుచున్నవి. బ్రిటిషువారి మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాను బట్టి పశ్చిమ బెంగాలునందలి ఉత్తరపాడాలో హిందుస్తాన్ మోటార్సువారు చేసిన ఈ బండి తయారీ 2014 లో నిలిచిపోయినది. అయినను తండ్రి కొన్న బండిని అమ్ముటకు మనసొప్పక దానిని కాపాడుకొనువారు కలరు. ఇట్టి పాతకాలపు కార్ల యజమానులు కొందరు దేశదేశములందు నేడొక క్రొత్త పని చేయుచున్నారు. బండిలోని కార్బురేటరును, డిస్ట్రిబ్యూటరును తొలగించి, వాని పనిని ఒక చిన్న కంప్యూటరునకు అప్పగించుచున్నారు. ఆ కంప్యూటరులోని లెక్కలను యజమానుడే తన ఇంజనునకు తగినట్లు మార్చుకొనవచ్చును. దీనినే ప్రోగ్రామబుల్ ఇంజను మేనేజిమెంటు అందురు.

ఈ పని ఎట్లు జరుగునో, అందు మన తరగతులలోని భౌతికశాస్త్రమును గణితమును ఎట్లు ఉపకరించునో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ముందుగా ఒక్క సంగతి చెప్పవలసియున్నది. కంప్యూటరు తనంతట ఏమియు ఎరుగదు. మనము కొలిచి చెప్పినదానినే అది ఎరుగును. తప్పు చెప్పితిమేని ఆ తప్పునే నిమిషమునకు వేలసారులు తప్పక నెరవేర్చును. పరీక్షలో తప్పు చేసినచో మార్కులు పోవును. ఇచ్చట తప్పు చేసినచో పిస్టను కరగిపోవును. చదువరులు ఈ మాటను మనసునం దుంచుకొని తక్కిన భాగమును చదువ ప్రార్థన.

పూర్వపు ఏర్పాటు

పెట్రోలు ఇంజనునకు కావలసినవి రెండు. ఒకటి, సరియైన పాళ్లలో గాలియు పెట్రోలును కలిసిన మిశ్రమము. రెండవది, సరియైన క్షణమున దానిని రగిలించు నిప్పురవ్వ.

మొదటి పనిని కార్బురేటరు చేయును. పిస్టను క్రిందికి దిగునప్పుడు బయటి గాలి కార్బురేటరులోని ఇరుకైన గొంతుగుండ వేగముగా ప్రవహించును. వేగము హెచ్చినచోట పీడనము తగ్గునని మనము బెర్నూలీ సిద్ధాంతమునందు చదువుకొంటిమి గదా! ఆ పీడనభేదమే జెట్టు అను సన్నని రంధ్రమునుండి పెట్రోలును పైకి లాగి తుంపరలుగా చేయును.

రెండవ పనిని డిస్ట్రిబ్యూటరు చేయును. దానిలోని పాయింట్లు విడిపోయిన క్షణమున కాయిలులో వేల వోల్టుల విద్యుత్తు పుట్టి, ప్లగ్గు కొనయందు రవ్వగా దూకును. ఇంజను వేగము హెచ్చినకొలది రవ్వ మరింత ముందుగా పడవలెను. అందులకై స్ప్రింగులతో బంధింపబడిన రెండు చిన్న బరువులు లోపల నున్నవి. వేగమునకు అవి వెలుపలికి జరిగి రవ్వ పడు సమయమును ముందునకు త్రిప్పును. బండిపై బరువెంతయో దానిని బట్టి సమయమును సవరించుటకు గాలిపీడనముచే కదలు పల్చని పొర యొకటి ప్రక్కన నుండును.

ఈ ఏర్పాటును చిన్నచూపు చూడరాదు. కంప్యూటరు లేని కాలమున ఇన్ని సవరణలను స్ప్రింగులతోను, రంధ్రములతోను సాధించుట గొప్ప నేర్పు. దారిలో బండి ఆగినచో స్క్రూడ్రైవరు ఒకటి, గరుకు కాగితపు ముక్క ఒకటి ఉన్న మెకానిక్కు దానిని మరల నడిపింపగలడు.

అందలి కొరతలు

అయినను కార్బురేటరు గాలి బరువును కొలవజాలదు. గాలి పోవు వేగమును మాత్రమే అనుసరించును. దీనివలన కలుగు చిక్కునకు రెండు ఉదాహరణములు చెప్పెదము.

సముద్రతీరమున సరిచేసిన బండిని ఉదకమండలమునకు తీసికొనిపోయితిమనుకొనుడు. ఆ పట్టణము సముద్రమట్టమునకు సుమారు 2,240 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చట గాలిపీడనము తీరమున నున్నదానిలో నూటికి 77 వంతులు మాత్రమే యుండును. ఉష్ణోగ్రతాభేదమును విడిచి లెక్కించినచో సిలిండరులోనికి వచ్చు గాలి నూటికి 23 వంతులు తగ్గును. జెట్టునుండి వచ్చు పెట్రోలు గాలి సాంద్రత యొక్క వర్గమూలమును బట్టి మారును గనుక అది నూటికి 12 వంతులు మాత్రమే తగ్గును. కావున పెట్రోలు అవసరమునకు మించి, బండి నల్లని పొగ విడుచుచు బలహీనముగా నడచును.

రెండవ ఉదాహరణము ఇంధనమునకు సంబంధించినది. 2025 లో మన దేశమున పెట్రోలునందు ఎథనాలు పాలు నూటికి 20 కి చేరినది. శుద్ధమైన పెట్రోలు గ్రాము ఒకటి పూర్తిగా మండుటకు 14.7 గ్రాముల గాలి కావలెను. ఎథనాలునకు 9 గ్రాములు చాలును. 20 పాళ్ల మిశ్రమమునకు లెక్క కట్టినచో సుమారు 13.5 వచ్చును. అనగా అంతే గాలికి ఈ క్రొత్త ఇంధనము ఇంచుమించు నూటికి 9 వంతులు ఎక్కువగా పోయవలెను. పాత జెట్టు ఈ సంగతి నెరుగక పూర్వపు కొలతనే పోయుచుండును. మిశ్రమము పలుచనై ఇంజను వేడెక్కును. ప్రొద్దుట త్వరగా అందుకొనదు. జెట్టును మార్చి దీనిని కొంతవరకు సరిచేయవచ్చును గాని, ఇంధనము మరల మారినచో మరల జెట్టు మార్చవలసినదే.

కంప్యూటరునకు జ్ఞానేంద్రియములు

విద్యుత్తుచే నడచు ఇంధన ఇంజెక్షను క్రొత్తది కాదు. జర్మనీలోని బాష్ సంస్థవారు 1967 లో ఫోక్సువాగను 1600 కారునకు డి-జెట్రానిక్ అను ఏర్పాటును అమర్చిరి. 1979 లో వారే మోట్రానిక్ అను పేర ఇంధనమును, రవ్వను ఒకే పెట్టెచే నడిపించిరి. కాని ఆ పెట్టెలలోని లెక్కలు కొన్నవారికి అందవు. 2001 ప్రాంతమున అమెరికాలో బ్రూస్ బౌలింగు, ఆల్ గ్రిప్పో అను ఇరువురు మెగాస్క్విర్టు అను సాధనమును రూపొందించి, ఆసక్తిగలవారు తామే టంకము వేసి కూర్చుకొనునట్లు చేసిరి. పిమ్మట ఆర్డ్వినో పలకపై ఆధారపడిన స్పీడ్వినో మొదలగునవి వచ్చినవి.

కంప్యూటరునకు కన్నులు, చెవులు లేవు గనుక వానికి బదులు సెన్సారులను అమర్చవలెను. అందు ముఖ్యమైనవి ఇవి:

మొదటిది పండ్ల చక్రము. క్రాంకుషాఫ్టు పుల్లీకి 36 పండ్లకు చోటుగల చక్రమును బిగించి, అందొక పంటిని లేకుండ జేయుదురు. పంటికిని పంటికిని 10 డిగ్రీల దూరము. లేని పంటి సందు దాటినప్పుడెల్ల క్రాంకు ఏ స్థానమున నున్నదో కంప్యూటరు గుర్తించును. పండ్లు దాటు వేగమును బట్టి ఇంజను వేగమును తెలిసికొనును.

రెండవది ఇంజను పీల్చు గొట్టములోని గాలిపీడనమును కొలుచునది. మూడవది ఆ గాలి ఉష్ణోగ్రతను కొలుచునది. నాలుగవది ఇంజనును చల్లబరచు నీటి ఉష్ణోగ్రతను చెప్పునది. అయిదవది ఆక్సిలరేటరును ఎంత త్రొక్కితిమో చెప్పునది. ఆరవది పొగగొట్టమునందు మిగిలిన ఆక్సిజనును కొలిచి మిశ్రమము పలుచనో చిక్కనో తెలుపునది. ఈ కడపటిదానిలో విశాలపరిమాణము గలదానినే వాడవలెను. చవుకరకము పలుచనో చిక్కనో చెప్పును గాని ఎంతయో చెప్పదు.

లెక్క చేయు విధము

నిర్ణీతమైన ఘనపరిమాణములో గాలి బరువు దాని పీడనమునకు అనులోమముగను, పరమోష్ణమానమునకు విలోమముగను ఉండునని బాయిలు, చార్లెసు నియమములు చెప్పుచున్నవి. పీడనమును, ఉష్ణోగ్రతను కొలిచితిమేని గాలి బరువు లెక్కకు వచ్చును. ఉదకమండలపు చిక్కు ఇచ్చటనే తీరిపోవుచున్నది.

అంబాసిడరునందలి 1489 ఘనసెంటీమీటర్ల ఇంజనునే తీసికొందము. నాలుగు సిలిండరులు గనుక ఒక్కొక్కదానికి 372 ఘనసెంటీమీటర్లు. లీటరు గాలి బరువు 1.2 గ్రాములనుకొన్నచో, నిండిన సిలిండరులో 0.447 గ్రాముల గాలి యుండును. కాని వాల్వుల ఇరుకువలన సిలిండరు ఎన్నడును పూర్తిగా నిండదు. ఆక్సిలరేటరును అడుగంట త్రొక్కినప్పుడు నూటికి 80 వంతులు నిండెననుకొందము, 0.357 గ్రాములు వచ్చును. దీనిని 13.5 చే భాగించిన 0.026 గ్రాములు, అనగా 26 మిల్లీగ్రాముల ఇంధనము. ఒక్క పేలుడునకు కావలసినది ఇంతే!

ఇంజను నిమిషమునకు 3,000 చుట్లు తిరుగునప్పుడు సెకనునకు 100 సారులు ఏదో ఒక సిలిండరు గాలి పీల్చును. ఒక పీల్పునకును మరొక పీల్పునకును నడుమ 10 మిల్లీసెకనులు. ఇంజెక్టరు మిల్లీసెకనునకు 10 మిల్లీగ్రాములు చిమ్మగలదైనచో దానిని 2.6 మిల్లీసెకనులు తెరచియుంచవలెను. అది కదలి తెరచుకొనుటకు పట్టు కాలము సుమారొక మిల్లీసెకనును దీనికి కలుపవలెను. బ్యాటరీ వోల్టేజి తగ్గినచో ఈ ఆలస్యము హెచ్చును. కావున దానికిని ఒక పట్టిక కలదు.

నూటికి 80 వంతులని పైన అనుకొంటిమి. ఈ అంకె వేగమును బట్టి, గాలిపీడనమును బట్టి మారుచుండును. అందుచేత కంప్యూటరులో నిలువున 16, అడ్డముగ 16 గడులతో 256 అంకెల పట్టికను వ్రాసియుంచుదురు. రెండు గడుల నడుమ నున్న స్థితికి అది మనము సంవర్గమాన పట్టికలలో చేయునట్లే మధ్యవిలువను లెక్కించుకొనును. 2,000 చుట్లకు 60, 2,500 చుట్లకు 70 అని యున్నచో 2,200 చుట్లకు 64 తీసికొనును. ఈ 256 అంకెలను తన ఇంజనునకు సరిపోవునట్లు దిద్దుటయే ట్యూనింగు. చల్లని ఇంజనునకు చోకు చేయు పనిని, ఆక్సిలరేటరును హఠాత్తుగా త్రొక్కినప్పుడు చిన్న పంపు చేయు పనిని వేరు పట్టికలు చేయును.

రవ్వ పడు క్షణము

మిశ్రమము రగిలి పీడనము పూర్తిగా పెరుగుటకు సుమారు రెండు మిల్లీసెకనులు పట్టుననుకొందము. నిమిషమునకు 1,000 చుట్ల వేగమున క్రాంకు మిల్లీసెకనునకు 6 డిగ్రీలు తిరుగును. 3,000 చుట్ల వేగమున 18 డిగ్రీలు. పిస్టను పైకొనను దాటిన కొంచెమునకే అత్యధిక పీడనము కలుగవలెను గనుక వేగము హెచ్చినకొలది రవ్వ ముందుకు జరుగవలెను. సిలిండరులో గాలి తక్కువగా నున్నప్పుడు మంట మెల్లగా వ్యాపించును గనుక అప్పుడును రవ్వ ముందుగా పడవలెను. పాత బరువులకును పొరకును ఒక్కొక్క గీతను అనుసరించుటయే సాధ్యము. కంప్యూటరునకు దీనికిని పూర్తి పట్టిక కలదు.

ఇచ్చట జాగ్రత్త ముఖ్యము. రవ్వ మరీ ముందుగా పడినచో పైకి వచ్చుచున్న పిస్టనునకు ఎదురుగా పీడనము పెరిగి, మిగిలిన మిశ్రమము ఒక్కుమ్మడిగా ప్రేలును. గులకరాళ్లను డబ్బాలో ఆడించినట్లు ధ్వని వినబడును. దీనినే మెకానిక్కులు నాకింగు అందురు. పలుచని మిశ్రమము, ముందుకు జరిగిన రవ్వ, నిండు బరువు ఈ మూడును కలసినచో కొద్దిసేపటిలోనే పిస్టను పాడగును.

పని చేయవలసిన క్రమము

మొదట పాత ఇంజను ఆరోగ్యమును పరీక్షింపవలెను. నాలుగు సిలిండరుల కంప్రెషను కొలిచి, వాల్వుల సందులు సరిచేసి, గాలి దొంగతనముగా చొరబడు చోట్లను మూయవలెను. అరిగిన రింగులను ఏ పట్టికయు బాగుచేయలేదు. పలువురు కంప్యూటరు లోపమని భ్రమించునది వాస్తవముగ పాత తీగల లోపమైయుండును. కావున తీగలను, భూసంధానమును క్రొత్తగా వేయుట మేలు.

రెండవ మెట్టున కార్బురేటరును అట్లే యుంచి రవ్వను మాత్రము కంప్యూటరునకు అప్పగింపవలెను. ఒక్కసారి ఒక్క మార్పు చేసినచో దోషమెచ్చట నున్నదో తెలియును. ఇప్పుడు కంప్యూటరును కదలని 10 డిగ్రీల వద్ద నిలిపి, టైమింగు దీపముతో పుల్లీమీది గుర్తును చూడవలెను. తెరపై 10 అని యుండి పుల్లీపై 16 కనబడినచో నమ్మదగినది పుల్లీ. తేడాను సవరించిన పిదపనే ముందుకు పోవలెను. ఈ పరీక్షను విడిచినవారి పట్టికలో ప్రతి అంకెయు అబద్ధమే యగును.

మూడవ మెట్టున ఇంధనము. ఈ ఇంజనునందొక విశేషము కలదు. 1, 2 సిలిండరులకు ఒకే ప్రవేశద్వారము. 3, 4 సిలిండరులకు మరొకటి. రవ్వ పడు వరుస 1, 3, 4, 2. అందుచేత ద్వారమువద్ద చిమ్మిన ఇంధనమును ముందుగా పీల్చు 2, 3 సిలిండరులే ఎక్కువ తీసికొని, వెంటనే పీల్చు 1, 4 సిలిండరులకు తక్కువ మిగుల్చును. ఇద్దరు పిల్లల ముందు ఒకే పళ్లెము పెట్టినట్లే. కావున ఒక్కొక్క ద్వారమున ఇంజెక్టరు పెట్టుటకంటె, కార్బురేటరు ఉన్నచోటనే ఇంజెక్టరుగల త్రాటిలును అమర్చుట ఇట్టి ఇంజనునకు సులభమైన మార్గము.

నాలుగవ మెట్టున పట్టికను దిద్దుట. ఆరంభమున మిశ్రమమును కొంచెము చిక్కగను, రవ్వను కొంచెము ఆలస్యముగను ఉంచవలెను. ఆక్సిజను సెన్సారు చెప్పుదానిని లామ్డా అను కొలతలో చదువుట ఉత్తమము. ఏ ఇంధనమైనను సరియైన మిశ్రమమునకు లామ్డా 1. శుద్ధపెట్రోలునకు చెందిన 14.7 అను అంకె ఎథనాలు కలిసినచోట మోసపుచ్చును. నిదానముగా నడచునప్పుడు లామ్డా 1 దగ్గరను, నిండు బరువుపై 1 కంటె తక్కువగను ఉండునట్లు గడులను ఒక్కొక్కటిగా సవరింపవలెను. మార్పుకు ముందు పాత పట్టికను దాచియుంచి, చేసినది తేదీతో పుస్తకమున వ్రాసికొనవలెను. బండి నడుపువాడు తెరను చూడరాదు. ఒకరు నడుపగా మరొకరు చూడవలెను, లేదా రోలర్లపై బండిని నిలిపి పరీక్షించు యంత్రమునకు తీసికొనిపోవలెను.

అపాయములు, హద్దులు

ఇంజెక్షను పంపు కార్బురేటరు పంపునకంటె అనేకరెట్లు ఎక్కువ పీడనముతో ఇంధనమును తోయును. పాత రబ్బరు గొట్టములు ఆ పీడనమును ఓర్వజాలవు. ఎథనాలు వానిని మరింత మెత్తబరచును. పీడనమునకును ఎథనాలునకును తగిన గొట్టములనే వాడవలెను. ఇంజను ఆగినంతనే పంపు ఆగునట్లు రిలేను, తీగకు ఫ్యూజును అమర్చవలెను. నిప్పునార్పు సాధనము చేతికందుచోట లేకుండ మొదటిసారి స్టార్టు చేయరాదు. పిల్లలు పెద్దల సహాయము లేకుండ ఈ పనికి పూనుకొనరాదని గట్టిగా చెప్పుచున్నాము.

1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52 వ సెక్షను వాహనములందు చేయు మార్పులకు హద్దులు పెట్టుచున్నది. కావున సామాను కొనుటకు ముందే రవాణా కార్యాలయమున విచారించుట యజమానుని విధి. పొగ పరీక్షయు తప్పదు.

ఇంత చేసినను ఇంజను బలము విశేషముగా పెరుగునని ఆశింపరాదు. లాభము వేరు. ప్రొద్దుట వెంటనే అందుకొనును. కొండమీదను ఎండలోను ఒకే తీరున నడచును. పొగయు, ఇంధనపు వృథాయు తగ్గును. నష్టమును కలదు. దారిప్రక్క మెకానిక్కునకు ఈ పెట్టె అర్థము కాదు. కావున తీగల పటమును, చివరి పట్టిక నకలును బండిలోనే ఉంచవలెను. తొలగించిన కార్బురేటరును, డిస్ట్రిబ్యూటరును నూనెరాసి భద్రపరుపవలెను. రేపు ఆ బండి చేతులు మారినప్పుడు, వచ్చినవాడు కోరినచో దానిని పూర్వపురూపమునకు తెచ్చుకొనగలుగవలెను.

విద్యార్థులారా! ఈ పనిలో మీ తరగతి పాఠములకు మించినది స్వల్పము. బాయిలు నియమము, అనుపాతము, మధ్యవిలువ, కోణముల లెక్క ఇవియే దీనికి మూలధనము. వీనితోబాటు కావలసిన గుణమొకటి కలదు: తెర చెప్పినదానిని కొలచి చూచిన పిదపనే నమ్ముట. ఆ గుణము ప్రయోగశాలలో నేర్చుకొన్నవానికి ఇంజనువద్ద నష్టము రాదు.

అభ్యాసము

1. ఇంజను నిమిషమునకు 4,500 చుట్లు తిరుగునప్పుడు క్రాంకు మిల్లీసెకనునకు ఎన్ని డిగ్రీలు తిరుగును?

2. పట్టికలో 2,000 చుట్లకు 62, 2,500 చుట్లకు 72 అని యున్నది. 2,300 చుట్లకు కంప్యూటరు ఏ విలువను తీసికొనును?

3. పైన 26 మిల్లీగ్రాముల ఇంధనము కోరిన సిలిండరు, గాలి నూటికి 77 వంతులే వచ్చు కొండపై ఎంత కోరును? ఇంజెక్టరు ఎన్ని మిల్లీసెకనులు తెరచియుండవలెను?